తలుపు తెరిచిందెవరు

ఆ బురద ఎలా చేస్తారో ముందు చెప్తాను. రెండు బస్తాల మొక్కజొన్న పిండి, ఆరు డ్రమ్ముల నీళ్ళు, ఆకుపచ్చ రంగు, నురగ కోసం కాస్త షాంపూ. మొదటిరోజు పొద్దున చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. దీపాల వేడికి సాయంత్రానికల్లా పులుస్తుంది. రెండోరోజు పైన తెట్టు కడుతుంది. మూడోరోజు దాని పక్కనుంచి వెళ్ళేవాళ్ళందరూ ముక్కు మూసుకునేవాళ్ళు. మార్చండయ్యా అంటే, మారిస్తే రంగు తేడా వస్తుంది, టీవీలో కొట్టొచ్చినట్టు కనపడుతుంది అనేవారు. ఒకసారి అందులో చచ్చిన బల్లి తేలింది. తీసి పారేసి, చేతులు కడుక్కుని, తర్వాతి పాపని పిలిచారు. అలా నాలుగేసి రోజులు అదే బురద. తప్పు జవాబు చెప్పిన పిల్లలందరినీ అందులోకే జార్చేవాళ్ళం.

దానికి మరుపుగుంట అని పేరు. ఆ పేరు పెట్టింది నేనే. పెట్టినప్పుడు మీటింగులో అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి నేను పొంగిపోయిన సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది.

'గతంలోకి గెంతు' అనేది పిల్లలకి చరిత్ర నేర్పే టీవీ ఆట. ఆ వేసవి సెలవుల్లో ఆరు వారాల పాటు ఊరి చివర ఒక పాత గోడౌన్‌లో షూటింగ్ జరిగింది. ప్రశ్నలు రాయడం నా పని. షూటింగ్ రోజున పక్కన ఒక బల్ల దగ్గర కూర్చుని, జవాబు ఒప్పయితే పచ్చ మీట, తప్పయితే ఎర్ర మీట నొక్కడం కూడా నా పనే. ఎర్రది నొక్కితే పిల్లలు నిలబడ్డ పలక వాలిపోయి, జారుడుబల్ల మీదుగా గుంటలో పడతారు. ఆ పలక చేసింది మా ఆయన. ఆయన సెట్లు కట్టే వడ్రంగి. పిల్లల అరికాళ్ళకి పేడు గుచ్చుకోకూడదని నాలుగు రోజులు గరుకు కాగితంతో రుద్దాడు. వాలేటప్పుడు కిర్రుమంటే పిల్లలు హడలిపోతారని నూనె పట్టించాడు. మొత్తం కార్యక్రమంలో ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసిన పని అదొక్కటే.

మిగతాదంతా వేషమే. ఆట నడిపే పెద్దమనిషిని పిల్లలు చరిత్ర మావయ్య అనేవాళ్ళు. మెరుపుల అంగీ, అట్ట కిరీటం. కెమెరా తిరుగుతున్నంతసేపూ పిల్లల్ని ఎత్తుకుని గిరగిరా తిప్పేవాడు. కట్ అనగానే రెండు చేతులూ చాచి నిలబడేవాడు, ఎవరో ఒకరు తడిగుడ్డ తెచ్చి తుడవాలి. "ఈ పిల్లల చేతులు ఎప్పుడూ జిడ్డుగానే ఉంటాయేంటి," అని ఆ పిల్లలకి వినపడేట్టే అనేవాడు. మొహాలు ముద్దుగా ఉన్న ఇద్దరు ముగ్గురికి మేకప్ గదిలోనే జవాబులు చెవిన వేసేవాళ్ళు. బొద్దుగా ఉన్నవాళ్ళకి చెప్పేవాళ్ళు కాదు. బొద్దు పిల్లలు పడితే బురద ఎక్కువ ఎగురుతుందట. ఇది ప్రొడ్యూసర్ ఒకరోజు నాతో టీ తాగుతూ అన్న మాట. నేను నా టీ పూర్తిగా తాగాను.

అయితే జవాబుల విషయంలో మాత్రం ప్రొడ్యూసర్ మహా నిక్కచ్చి. అంతకు ముందు ఏడాది ఎవరి తండ్రో వచ్చి, ఫలానా రాజు చచ్చిపోయిన సంవత్సరం అది కాదని నానా రభస చేశాడట. అప్పట్నుంచి ఒక నియమం పెట్టారు. ప్రతి జవాబూ రెండు అచ్చు పుస్తకాల్లో ఉండాలి. ఆ రెండు పేజీల జెరాక్సులూ కార్డుకి పిన్ను కొట్టి ఉండాలి. రెండు పుస్తకాల్లో ఉంటే ఒప్పు, లేకపోతే అసలా ప్రశ్నే లేదు. రెండో పుస్తకంవాళ్ళు మొదటిదాన్ని చూసి రాశారేమో అని ఎవరూ అడిగేవారు కాదు. అందరికంటే బాగా తెలిసిన నేను అసలే అడిగేదాన్ని కాదు.

ఐదో వారంలో ప్రొడ్యూసర్ కొత్త ముచ్చట ఎత్తుకున్నాడు.

"ఎంతసేపూ రాజులూ యుద్ధాలేనా మేడమ్? ఫైనల్లో మన ఊరి చరిత్ర మీద ఒక రౌండ్ పెడదాం. జనం మనదే అనుకుంటారు."

"మన ఊరి మీద పుస్తకాలు లేవు సార్. ఒకటి దొరకడమే గగనం."

"ఆరు ప్రశ్నలు చాలు. మీరు తల్చుకుంటే ఎంతసేపు."

వెతికితే ఐదు దొరికాయి. గడియార స్తంభం, రైలు స్టేషను, మొదటి ఆసుపత్రి, ఇలాంటివి. ఆరోది నాకు వెతక్కుండానే తెలుసు. పాత నూలు మిల్లు తగలబడిన సంగతి. మిల్లు పెట్టి యాభయ్యేళ్ళయినప్పుడు యజమానులు వేసిన ప్రత్యేక సంచికలో ఉంది, మేనేజరు తలుపు తెరిచి పనివాళ్ళని కాపాడాడని. ఐదో తరగతి వాచకంలో 'మన ఊరు' పాఠంలోనూ ఉంది. ఆ పాఠం రాసింది నేనే. పెళ్ళికి ముందు, వాచకాలకి పాఠాలు రాసిచ్చే రోజుల్లో, ఆ సంచిక ఎదురుగా పెట్టుకుని ఒక్క మధ్యాహ్నంలో రాసి పారేశాను.

పెళ్ళయి వచ్చాక గానీ తెలియలేదు, మా అత్తయ్య ఆ మిల్లులో పనిచేశారనీ, ఆ రోజు లోపలే ఉన్నారనీ. ఆవిడకి చదువు రాదు. పక్కింటి పిల్ల పాఠం గట్టిగా వల్లె వేస్తుంటే విన్నారట.

"ఇది నువ్వు రాసిందేనటగా?" అని అడిగారు.

"అవునత్తయ్యా."

"మేనేజరు తలుపు తీశాడని నీకెవరు చెప్పారు?"

"పుస్తకంలో ఉంది."

"ఓహో," అన్నారావిడ. తర్వాత ఆ రోజు జరిగిందేమిటో చెప్పారు. నాకు తల కొట్టేసినట్టయింది. వచ్చే ముద్రణలో మార్పిస్తానని మాటిచ్చాను. ఒక ఉత్తరం ముక్క రాస్తే అయిపోయే పని. పదకొండేళ్ళు గడిచాయి. ఆవిడ మళ్ళీ అడగలేదు, నేనూ మళ్ళీ ఎత్తలేదు.

ఆ పేజీనే ఇప్పుడు జెరాక్స్ తీసి కార్డుకి పిన్ను కొట్టాను. ఎవరో పిల్లలకి వస్తుంది, వాళ్ళు మేనేజరంటారు, పచ్చది నొక్కుతాను, ఎవరికీ ఏమీ కాదు అనుకున్నాను.

మా అమ్మాయిని ఇంట్లో పిట్ట అంటాం. పదేళ్ళది, ఆరిందా. ఆ వేసవంతా దానికి 'గతంలోకి గెంతు' పిచ్చి. పనిచేసేవాళ్ళ పిల్లలు ఆడకూడదని రూలుంది కాబట్టి ఇంట్లోనే మొదలుపెట్టింది. గిన్నె మూత మీద గరిటెతో టంగుమని కొట్టడం, దొరికినవాళ్ళని ప్రశ్నలడగడం. నేను దొరికితే రాజుల పేర్లు, వాళ్ళ నాన్న దొరికితే కోటల పేర్లు. ఒక ఆదివారం మధ్యాహ్నం బఠాణీలు ఒలుచుకుంటూ నానమ్మ దొరికారు.

"నానమ్మా, నువ్వు స్వయంగా చూసిన చరిత్ర చెప్పు. రాజులది వద్దు."

"నేనేం చూశానే. మిల్లు చూశాను."

"మిల్లులో ఏం జరిగింది?"

"తగలబడింది."

పిట్ట గరిటె కింద పెట్టేసింది.

"మరి నువ్వెలా బయటికొచ్చావు?"

"కిటికీ పగలగొట్టుకుని దూకాం. పై అంతస్తు కదా, ఈ కాలు అప్పుడు విరిగిందే."

"తలుపు లేదా?"

"ఎందుకు లేదు? మధ్యమధ్యలో కిందికి పోతున్నామని మేనేజరు బయట గడియ పెట్టించేవాడు. ఆ రోజూ పెట్టే ఉంది."

"ఎవరూ తియ్యలేదా?"

"ఎవరూ తియ్యలేదమ్మా."

"అందరూ దూకేశారా మరి?"

"పదిహేడు మందిమి దూకాం."

"మిగతావాళ్ళు?"

ఆవిడ ఇంకో రెండు కాయలు ఒలిచారు.

"పిలిచాం," అన్నారు. "కిందనుంచి చాలాసేపు పిలిచాం."

పిట్ట లేచి వెళ్ళి నానమ్మ కాలు పట్టుకుని కూర్చుంది, పట్టనివ్వకపోతే ఊరుకోనన్నట్టు. పొయ్యి దగ్గర నిలబడి నేను అంతా విన్నాను. ఆ కార్డు సంగతి అప్పుడే చెప్పొచ్చు. చెప్పకుండా, కూరలో ఉప్పు సరిపోయిందా లేదా అని చూస్తూ నిలబడ్డాను.

ఫైనల్ ఇంకా రెండు రోజులుందనగా ముగ్గురు పిల్లలకి ఒళ్ళంతా దద్దుర్లు పొక్కాయి. బురద వల్లే అని చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. ఒక తల్లి గేటు దగ్గర నిలబడి నోటికొచ్చినట్టు తిట్టి, కూతుర్ని లాక్కుపోయింది. ఆమె తిట్టిన ప్రతి మాటా న్యాయమే. ఫైనల్లో ఒక చోటు ఖాళీ అయింది.

"మీకో పాప ఉంది కదా మేడమ్," అన్నాడు ప్రొడ్యూసర్.

"మనవాళ్ళ పిల్లలు ఆడకూడదని రూలు కదా సార్."

"రూల్స్ టీవీ చూసేవాళ్ళ కోసం. మీ పేరు ఎక్కడా రాదులెండి. మొన్న గేటు దగ్గర చూశాను, పాప మొహం బాగుంటుంది."

గెలవాల్సిన పిల్లాడెవరో అప్పటికే ఖాయమైపోయింది. పిట్ట ఊరికే లెక్క నింపడానికి. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఇంటికెళ్ళి చెప్పాను, చెప్పగానే అది ఇల్లంతా గంతులేసింది.

"నానమ్మ కూడా రావాలి. ముందు వరసలో కూర్చోవాలి."

"నేనెందుకే, అక్కడంతా చదువుకున్నవాళ్ళుంటారు," అన్నారు అత్తయ్య. అంటూనే, ఏ చెప్పులేసుకోవాలో చూసుకోవడానికి గదిలోకి వెళ్ళారు.

మా ఆయన మాత్రం పెదవి విరిచాడు. "ఆ కంపులో పడేస్తారా దాన్ని?"

"ఒప్పు చెప్తే ఎందుకు పడుతుంది?" అన్నాను.

ఆ రెండు రోజులూ కార్డులు నా సంచిలోనే ఉన్నాయి. ఆ ఒక్కటీ తీసేయొచ్చు. తీస్తే ఐదవుతాయి, ఆరోది ఏమైందంటారు, కారణం చెప్పాలి. కారణం చెప్తే నా పాఠం సంగతి బయటపడుతుంది. కొత్త వాచకాల కమిటీలో నా పేరు అనుకుంటున్నారని అప్పుడే నా చెవిన పడింది. పోనీ, మేనేజరని చెప్పమని పిట్ట చెవిలో ఊదొచ్చు. ఛ, అది మోసం కదా అనిపించింది. ఆరు వారాలు మేకప్ గది భాగోతం చూస్తూ నోరు మూసుకున్న మనిషికి సరిగ్గా అక్కడ నీతి గుర్తొచ్చింది. అసలు సంగతి వేరు. మీ నానమ్మ మాట కాదని నా మాట చెప్పు అని దాని మొహం చూసి అనే దమ్ము నాకు లేదు. ఆరు కార్డులు, ముగ్గురు పిల్లలు, అది దీనికే రావాలని ఏముందిలే అని సరిపెట్టుకున్నాను.

ఫైనల్ రోజు పొద్దున మేకప్ గదిలో దానికి జడ వేస్తున్నాను. అద్దంలోంచి నన్నే చూస్తోంది.

"అమ్మా, నేను తప్పు చెప్తే నువ్వు ఎర్రది నొక్కుతావా?"

"నొక్కాలి కదా. నా పని అదే."

"నేనని కూడా చూడవా?"

"అక్కడ కూర్చున్నాక అందరూ ఒకటే."

"ఒప్పు చెప్తే పచ్చదేగా?"

"పచ్చదే."

"అయితే నాకేం భయం లేదు," అంది. తల కదపొద్దని నేను గదమాయించాను. రిబ్బను ముడి రెండుసార్లు జారింది.

మొదటి రెండు రౌండ్లూ పిట్ట బాగానే చెప్పింది. మూడోది మన ఊరు. గెలవాల్సిన పిల్లాడికి గడియార స్తంభం వచ్చింది. రెండో పాపకి రైలు స్టేషను వచ్చింది, తప్పు చెప్పి కేకలు పెడుతూ గుంటలో పడింది. అప్పుడు చరిత్ర మావయ్య పిట్ట కోసం కార్డు తీసి, గొంతు పెంచి చదివాడు.

"మన ఊరి నూలు మిల్లులో మంటలు చెలరేగినప్పుడు, తలుపు తెరిచి పనివాళ్ళని కాపాడింది ఎవరు?"

పిట్ట నవ్వింది. తెలిసిన ప్రశ్న పడినప్పుడు పిల్లలకి వచ్చే నవ్వు. జనంలో నానమ్మ వైపు ఒకసారి చూసి, మైకులోకి వంగింది.

"ఎవరూ తెరవలేదు."

"ఎవరూ తెరవకపోతే పాపం పనివాళ్ళు ఎలా వచ్చారు తల్లీ? రెక్కలు కట్టుకుని ఎగిరొచ్చారా?"

నవ్వండి అని రాసిన బోర్డు పైకి లేపారు, జనం నవ్వారు.

"కిటికీ పగలగొట్టుకుని దూకారు. తలుపుకి బయటనుంచి గడియ పెట్టారు. మా నానమ్మ కూడా దూకింది. అదిగో, అక్కడుంది చూడండి."

కెమెరా అత్తయ్య మీదికి తిరిగింది. పైన పెద్ద తెర మీద ఆవిడ మొహం వచ్చింది. ఆవిడ లేవబోయి, లేవాలో అక్కర్లేదో తెలియక సగంలో ఆగిపోయారు, ముందు కుర్చీ వీపు పట్టుకుని.

"మరి మన పుస్తకాల మేడమ్ ఏమంటారు?" అంటూ చరిత్ర మావయ్య నా వైపు తిరిగాడు.

ఐదు సెకన్లలో నొక్కాలి. నా ముందు అదే ప్రశ్న ఉన్న నా కార్డు, దానికి పిన్ను కొట్టిన రెండు కాగితాలు. రెండోదాని అడుగున చిన్న అక్షరాల్లో నా పేరు. సెట్ వెనకనుంచి మా ఆయన తల బయటపెట్టి చూస్తున్నాడు. అత్తయ్య ఇంకా సగం లేచే ఉన్నారు. ఆవిడ మొహంలో కంగారు పోయింది. బల్ల దగ్గర ఉన్నది మా కోడలే కదా అన్న నిబ్బరం కనిపించింది.

నేను ఎర్రది నొక్కాను.

పలక చప్పుడు లేకుండా వాలింది. మిగతా పిల్లలు జారేటప్పుడు కళ్ళు మూసుకుని అరుస్తారు. పిట్ట అరవలేదు. ఇంకా ఏదో చెప్పబోతున్నట్టు నోరు తెరుచుకునే జారిపోయింది, అందుకే బురదంతా నోట్లోకి పోయింది. చరిత్ర మావయ్య అంగీ మీద నాలుగు చుక్కలు పడ్డాయి. కట్ అనగానే, చుక్కలు ఎవరు తుడుస్తారని ఆయన అరవడం మొదలుపెట్టాడు.

నేను బల్ల దగ్గరనుంచి లేచేసరికి అత్తయ్య పిట్టని గోడౌన్ వెనక కుళాయి కింద కూర్చోబెట్టి కడుగుతున్నారు. చెవుల్లోంచి, ముక్కులోంచి, నేను వేసిన జడలోంచి ఆ పులిసిన జిగురు తీగలు తీగలుగా సాగుతోంది. పిట్ట ఒకసారి వాంతి చేసుకుంది. పచ్చగా వచ్చింది. తువ్వాలు అందిస్తే అత్తయ్య తీసుకున్నారు, నా వైపు చూడలేదు. మా ఆయన పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"అమ్మ ఎదురుగా ఉంది. అమ్మని చూస్తూనే నొక్కావు," అన్నాడు.

"రెండు పుస్తకాల్లో అలాగే ఉంది. నా చేతుల్లో ఏముంది?"

"ఒకటి మిల్లువాళ్ళు రాయించుకున్నది. ఇంకోటి నువ్వు రాసింది. ఏం పుస్తకాలవి?"

అత్తయ్య చెంబుతో నీళ్ళు పోస్తూనే, "గొడవలు తర్వాత పెట్టుకోండిరా, పిల్ల వణికిపోతోంది," అన్నారు.

మర్నాడు మా ఆయన తన పనిముట్ల సంచి తెచ్చేసుకుని ఇంకో చోట పనికి కుదిరాడు. నేను మాత్రం ప్రొడ్యూసర్ గదికి వెళ్ళాను, ఆ ప్రశ్న తీసేయమని అడగడానికి. ఆయన ఎడిటింగ్ దగ్గర కూర్చున్నాడు. తెర మీద పిట్ట నవ్వుతోంది, జారుతోంది, మునుగుతోంది. వెనక్కి తిప్పితే బురదలోంచి పైకొచ్చి, పలక మీద నిలబడి, మళ్ళీ నవ్వుతోంది. అలా అయిదారుసార్లు తిప్పాడు.

"చూశారా మేడమ్, మొత్తం సీజన్‌లో ఇలాంటి షాట్ లేదు. ఆ మొహంలో నమ్మకం చూడండి. నమ్మకంగా ఉన్నవాళ్ళు పడితేనే మజా."

ఆయన చేతిలో బిస్కట్టుంది, టీలో ముంచుకుంటున్నాడు.

"ఆ ప్రశ్న తీసెయ్యాలి సార్. జవాబు తప్పు."

"రెండు పుస్తకాలున్నాయిగా?"

"రెండోది నేనే రాశాను. మొదటిదాన్ని చూసి."

ఆయన కుర్చీ నా వైపు తిప్పాడు. కోపమేమీ లేదు, సరదా పడుతున్నాడు.

"దాందేముంది? నా పాఠం తప్పు అని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టండి. ఇప్పుడే, మీ ఎదురుగానే కత్తిరించేస్తాను."

కాగితం, పెన్నూ ఆయనే ఇచ్చాడు. తేదీ వేశాను. 'గౌరవనీయులైన' అని రాశాను. ఆ పైన చెయ్యి కదల్లేదు. వాచకాల కమిటీ, పదకొండు ముద్రణలు, ఇన్నేళ్ళుగా అది బట్టీ పట్టిన పిల్లలు, అందరూ ఒకేసారి కళ్ళ ముందు తిరిగారు.

"ఇంట్లో కూర్చుని సరిగ్గా రాసి రేపు తెస్తాను," అన్నాను.

"అలాగే మేడమ్. తొందరేముంది," అని ఆయన మళ్ళీ తెర వైపు తిరిగాడు. నేను రాయనని ఆయనకి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. మర్నాడు సాయంత్రం పిట్ట పడుతున్న బొమ్మతో ప్రకటన టీవీలోకి వచ్చేసింది.

రోజుకి ముప్ఫై సార్లు వేశారు. నవ్వు, పలక, నిదానంగా జారడం, బురద. ఎదురింటావిడ వచ్చి, "మీ పాప భలే పడిందండీ, మావాళ్ళు పడీ పడీ నవ్వారు," అంది, అదేదో మెచ్చుకోలు లాగా. వీధి పిల్లలు దాన్ని బురదపిట్ట అన్నారు. మొదటివారం పిట్ట వాళ్ళతో కలియబడి, జుట్టు రేపుకుని, మోచేతులు గీరుకుని వచ్చేది. రెండోవారం ఊరికే తల దించుకుని వచ్చేది. మూడోవారం వాళ్ళు అడగ్గానే తనే నోరు తెరుచుకుని జారిపడ్డట్టు నటించి చూపించడం మొదలుపెట్టింది. వాళ్ళు నవ్వేవాళ్ళు, వాళ్ళతో పాటు అదీ నవ్వేది. కిటికీలోంచి అది చూసిన రోజు నేను అన్నం ముట్టలేకపోయాను.

అత్తయ్య నాతో మామూలుగానే మాట్లాడేవారు. పాలొచ్చాయా, బట్టలారాయా, వాడు ఫోన్ చేశాడా. ఆ ప్రకటన వస్తే లేచి వసారాలోకి వెళ్ళేవారు, అయిపోయాక వచ్చేవారు. నాలుగు తిట్టినా నాకు హాయిగా ఉండేది. పిట్టకి మాత్రం ఆవిడ మిల్లు మాట మళ్ళీ చెప్పలేదు, అదీ అడగలేదు. కార్యక్రమానికి విద్యావిలువల బహుమతేదో వచ్చిందని అందరికీ తలో జ్ఞాపిక ఇచ్చారు. నాదీ తెచ్చుకున్నాను. ఫైనల్ ప్రసారమైపోయాక, ఇంకిప్పుడు ఉత్తరం రాసి ఏం లాభం అనిపించింది. అలా అనిపించేదాకా కావాలనే ఆగానని నాకు తెలుసు.

బడి తెరిచిన మూడోవారం పిట్టకి చిన్న పరీక్ష పెట్టారు. ఐదో తరగతి, మొదటి పాఠం 'మన ఊరు'. సాయంత్రం సంచి భుజాన ఉండగానే కాగితం ఊపుకుంటూ వచ్చింది.

"నానమ్మా, పదికి పది. క్లాసులో నాకొక్కదానికే."

నానమ్మకి చదువు రాదు కాబట్టి, మంచి మార్కులొచ్చినప్పుడల్లా జవాబులన్నీ పైకి చదివి వినిపించడం దానికి అలవాటు. వసారాలో ఆవిడ పక్కన చేరి మొదలుపెట్టింది. గడియార స్తంభం చదివింది, రైలు స్టేషను చదివింది. ఊపిరి తిప్పుకోకుండా నాలుగోది కూడా చదివేసింది.

"మంటలు చుట్టుముట్టగా మేనేజరు ధైర్యంగా ముందుకు వచ్చి, తలుపు తెరిచి పనివాళ్ళను కాపాడాడు."

అక్షరం పొల్లుపోలేదు. అది నా వాక్యమే. 'ధైర్యంగా' అన్న మాట మిల్లువాళ్ళ సంచికలో కూడా లేదు. వాక్యం బోసిగా ఉందని నేను చేర్చాను.

పిట్ట కాగితం దించి నానమ్మ మొహంలోకి చూసింది.

"అలా రాస్తేనే మార్కులు వేస్తారు నానమ్మా. అయినా నీకే సరిగ్గా గుర్తులేదేమో. ఎప్పటి సంగతో కదా."

ఆవిడ దాని నుదుటి మీద పడ్డ జుట్టు పక్కకి తీశారు.

"అయ్యుండొచ్చమ్మా," అన్నారు. "అంతా పొగ. ఎవరైనా తీశారేమో. నేనే చూడలేదేమో."

గుమ్మం దగ్గర నిలబడి ఆ మాట విన్నాను. ఆవిడ ఓడిపోయి అనలేదు, పిల్ల మార్కుల సంతోషం చెడగొట్టడం ఇష్టంలేక అన్నారు. ఆ పదిహేడు మందిలో ఇంకా బతికున్నవాళ్ళు ఎందరో నాకు తెలియదు. చేతిలో ఉన్నది ఎక్కడ పెట్టానో గుర్తులేదు, వసారాలోకి వచ్చేశాను.

"కాదు," అన్నాను. "నానమ్మకి బాగా గుర్తుంది. తలుపు ఎవరూ తియ్యలేదు. అది రాసింది నేను, తప్పు రాశాను. తప్పని నాకు ఎప్పట్నుంచో తెలుసు."

పిట్ట నా వైపు తిరిగింది. దాని మొహంలో కోపం లేదు. లెక్క ఎక్కడ తేడా వచ్చిందో వెతుక్కుంటున్నట్టుంది.

"ఆ రోజు కూడా తెలుసా?"

"తెలుసు."

"మరి ఎర్రది ఎందుకు నొక్కావమ్మా?"

ఆ వేసవిలో ఒక్కసారి కూడా నన్ను ఆ సంగతి అడగని అత్తయ్య అప్పుడు తల తిప్పి, నేనేం చెప్తానా అని నా వైపు చూశారు.